శిబి త్రాసులో శలభం

ఆస్ట్రేలియా ఆగ్నేయ మూలన ఆల్ప్స్ అని పిలిచే కొండల వరుస ఉంది. చలికాలమంతా మంచు కప్పి ఉండే ఆ శిఖరాల మీద, బండరాళ్ళు గుట్టలుగా పడి ఉన్న చోట్ల, మౌంటెన్ పిగ్మీ పోసమ్ అనే చిన్న జంతువు బతుకుతుంది. బరువులో కోడిగుడ్డు కంటే కాస్త తక్కువ. ఏడు నెలల దాకా సాగే చలినిద్ర నుంచి వసంతంలో లేచేసరికి దాని ఒంట్లో కొవ్వంతా కరిగిపోయి ఉంటుంది. అప్పుడు దాన్ని ఆదుకునే ఆహారం బోగాంగ్ శలభం అనే గోధుమరంగు రెక్కల పురుగు. ఐయూసీఎన్ సంస్థ ప్రకటించే రెడ్ లిస్ట్‌లో, అంటే అంతరించే గండం ఎంత ఉందో చెప్పే ప్రపంచ జాబితాలో, ఈ రెండూ ఉన్నాయి. తినే ప్రాణికీ గండమే, దానికి ఆహారమయ్యే ప్రాణికీ గండమే. అహింసను నమ్మే మనిషికి ఇది తేలిగ్గా తేలే ప్రశ్న కాదు. ఒకదాని బతుకు కోరడమంటే రెండోదాని చావు కోరడమేనా?

జీవశాస్త్రం ఈ రెంటినీ ఎక్కడ ఉంచిందో చూస్తే అవి ఎంత దూరపు చుట్టాలో తెలుస్తుంది. శలభం ఆర్థ్రోపోడా వర్గంలో, కీటకాల తరగతిలో, సీతాకోకచిలుకలు కూడా ఉండే లెపిడాప్టెరా క్రమంలో, నాక్టుయిడే కుటుంబంలో చేరుతుంది. శాస్త్రీయ నామం అగ్రోటిస్ ఇన్ఫ్యూసా. మన చేలల్లో రాత్రిపూట మొలకల మొదళ్ళు కొరికేసే పురుగుల్లో కొన్ని ఈ అగ్రోటిస్ ప్రజాతివే. బోగాంగ్ గొంగళి కూడా అక్కడి రైతుకు పంటను పాడుచేసే పురుగే. పోసమ్ వెన్నెముక ఉన్న జీవి. క్షీరదాల తరగతిలో, కంగారూలూ కోఆలాలూ ఉన్న డైప్రోటోడాంషియా క్రమంలో, బుర్రామిడే కుటుంబంలో ఉంది. పేరు బుర్రామిస్ పార్వస్. చూపులకు ఎలుకలా ఉన్నా ఎలుకకు దగ్గరి బంధువు కాదు, పొట్ట కింది సంచిలో పిల్లలను పెంచే జీవి. ఈ రెండు వంశాలూ విడిపోయి 50 కోట్ల ఏళ్ళు దాటింది.

వర్గీకరణ చెప్పేది చుట్టరికం. రెడ్ లిస్ట్ చెప్పేది గండం. 1964లో మొదలైన ఆ జాబితాలో పోసమ్ ‘తీవ్ర ప్రమాదంలో ఉన్నవి’ అనే మెట్టు మీద ఉంది. శలభాన్ని 2021 డిసెంబరులో దానికి ఒక మెట్టు కింద, ‘ప్రమాదంలో ఉన్నవి’ అనే చోట చేర్చారు. ఎదిగిన పోసమ్‌లు అన్ని కొండల్లోనూ కలిపి 2000 దాకా ఉంటాయని అంచనా. శలభాలు ఇవాళ్టికీ లక్షలకు లక్షలు. వేలల్లో ఉన్నదీ లక్షల్లో ఉన్నదీ పక్కపక్క మెట్ల మీదకు ఎలా వచ్చాయన్న సందేహం సహజం. ఆ జాబితా ఎన్ని మిగిలాయన్నదే కాదు, ఎంత వేగంగా తరిగిపోతున్నాయో కూడా చూస్తుంది. ఒకప్పుడు ఏటా దాదాపు 440 కోట్ల బోగాంగ్‌లు కొండలకు చేరేవని శాస్త్రవేత్తల లెక్క. గుహ గోడల మీద చదరపు మీటరుకు 17,000 చొప్పున, ఒకదాని మీద ఒకటి ఒదిగి వాలి ఉండేవి. 2017లో మొదలైన కరువులో ఆ సంఖ్య 99 శాతానికి పైగా పడిపోయింది. కొన్ని గుహల్లో వెతికినా కనబడలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. పేరున్న క్షీరద జాతులను దాదాపు అన్నిటినీ రెడ్ లిస్ట్ పరిశీలించింది. పేర్లు పెట్టిన 10 లక్షల కీటక జాతుల్లో ఆ పరిశీలన అందుకున్నవి నూటికి రెండు కూడా లేవు. పెద్ద కళ్ళు, మెత్తటి బొచ్చు ఉన్న ప్రాణిని చూడగానే పుట్టే జాలి పురుగును చూస్తే పుట్టదు. ఎవరి చావు లెక్కలోకి రావాలో అంకెల కంటే ముందే కళ్ళు తేల్చేశాయి. విజ్ఞానశాస్త్రం కూడా ఈ పక్షపాతం నుంచి పూర్తిగా తప్పించుకోలేకపోయింది.

పోసమ్ కథలో మనిషి మొదట చేసింది దాన్ని చచ్చిపోయిందనుకోవడం. 1895లో రాబర్ట్ బ్రూమ్ అనే వైద్యుడు న్యూ సౌత్ వేల్స్‌లోని వోంబేయన్ గుహల దగ్గర దొరికిన ఎముకలను బట్టి ఈ జాతికి పేరు పెట్టాడు. డెబ్భై ఏళ్ళ పాటు అది శిలాజంగానే పుస్తకాల్లో ఉండిపోయింది. 1966లో విక్టోరియాలోని మౌంట్ హోతమ్ మీద, మంచు మీద జారే ఆటకు వచ్చినవారు బస చేసే ఇంట్లో, ప్రాణంతో ఒకటి కనబడింది. ఆ తరువాత రోడ్లూ హోటళ్ళూ పెరిగి, కొండ దిగువన ఉండే మగవాటికి ఎగువన ఉండే ఆడవాటిని చేరే దారి తెగిపోయింది. 1985 ప్రాంతంలో రోడ్డు కింద రాళ్ళు పరిచి ఒక సొరంగం కట్టారు. మగవి ఆ దారిన రాకపోకలు మొదలుపెట్టాయి. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు మంచు చూడటానికి వెళ్ళే మౌంట్ బుల్లర్ మీద కూడా ఈ జీవి ఉంది. అక్కడ కొద్ది పదులకు తగ్గి, రక్తసంబంధంలోనే జతకట్టవలసిన స్థితికి వచ్చినప్పుడు, 2011లో వేరే కొండ నుంచి మగవాటిని తెచ్చి కలిపారు. సంతతి మళ్ళీ పెరిగింది. చేసిన నష్టాన్ని మనిషి ఓపికగా సరిదిద్దిన ఉదాహరణలు ఇవి. గౌరవంతోనే చెప్పుకోవాలి.

శలభం బతుకు ఇంతకంటే విచిత్రమైంది. దక్షిణ క్వీన్స్‌లాండ్, పశ్చిమ న్యూ సౌత్ వేల్స్ మైదానాల్లో, చలికాలపు పచ్చిక కింద నేలలో గొంగళిగా పెరుగుతుంది. వసంతంలో రెక్కలు వచ్చాక, వేసవి ఎండను తప్పించుకోవడానికి 1000 కిలోమీటర్ల దాకా రాత్రిళ్ళు ఎగిరి, తానెన్నడూ చూడని కొండ గుహలకు చేరుతుంది. దారి చూపే తల్లీ లేదు, తండ్రీ లేడు. వాళ్ళు అంతకు ముందే చనిపోయి ఉంటారు. వేసవంతా గుహల చల్లదనంలో కదలకుండా గడిపి, శరత్తులో తిరిగి అదే మైదానానికి వెళ్ళి, గుడ్లు పెట్టి చనిపోతుంది. 2025లో నేచర్ పత్రిక ప్రచురించిన పరిశోధనలో ఎరిక్ వారెంట్ బృందం ఈ ప్రయాణపు రహస్యాన్ని కొంత విప్పింది. భూమి అయస్కాంత ప్రభావం లేకుండా చేసిన గదిలో శలభాన్ని నిలిపి, దాని పైన నక్షత్రాల ఆకాశాన్ని చూపించారు. శలభం ఆ రుతువులో వెళ్ళవలసిన దిక్కుకే తిరిగింది. ఆకాశాన్ని సగం చుట్టు తిప్పితే దిక్కు మార్చుకుంది. చుక్కలను చెల్లాచెదురు చేస్తే దిక్కు తోచక తిరిగింది.

మన సాహిత్యంలో శలభానికి దక్కిన చోటు గుర్తు చేసుకుంటే ఇక్కడ ఆగి ఆలోచించక తప్పదు. భాగవతం పదకొండో స్కంధంలో అవధూత చెప్పిన ఇరవై నలుగురు గురువుల్లో శలభం ఒకటి. రూపానికి లోబడి నిప్పులో పడి చచ్చే జీవిగా అది వైరాగ్యం నేర్పుతుంది. వివేకచూడామణిలో ఒక్కొక్క ఇంద్రియం వల్ల నశించే అయిదు ప్రాణుల్లో చూపు వల్ల నశించేది ఇదే. మోహానికి రెక్కలు తొడిగితే శలభం అని మన మనసులో నాటుకుపోయింది. 2024లో వెలువడిన మరో పరిశోధన కీటకాలు దీపం చుట్టూ ఎందుకు తిరుగుతాయో చూపింది. అవి వెలుగును కోరి రావు. కోట్ల ఏళ్ళుగా ఆకాశమే నేల కంటే వెలుగుగా ఉంది కనుక, వెలుగు వైపు వీపు పెట్టి ఎగరడం వాటి ఒంటికి అలవాటు. పక్కనో కిందనో దీపం పెడితే, ఆకాశం అటు ఉందనుకొని వీపు అటు తిప్పుతూ, ఆ చక్రంలోంచి బయటపడలేకపోతాయి. ఋషులు చెప్పిన పాఠం మనిషికి అవసరమైన పాఠమే. ఆ నింద మాత్రం పురుగు మోయవలసింది కాదు. వీధి దీపం కింద రాలిపోయింది మోహంలో పడ్డ జీవి కాదు, దారి తప్పించబడిన యాత్రికుడు.

ప్రాణుల మధ్య మెట్లు కట్టిన మరొక పద్ధతి జైనులది. చుట్టరికాన్ని కాక ఇంద్రియాలను లెక్కపెట్టడం అందులోని గొప్పతనం. చెట్టుకు స్పర్శ ఒక్కటే. వానపాము లాంటి పురుగుకు రుచితో రెండు. చీమకు వాసనతో మూడు. ఈగ, తుమ్మెద, శలభం చూపుతో నాలుగు ఇంద్రియాల జీవులు. వినికిడి కూడా ఉన్నవి పంచేంద్రియాలు. పశువులూ పక్షులూ మనుషులూ ఆ మెట్టు మీద ఉంటారు. గృహస్థుడు ఏకేంద్రియాలను పూర్తిగా తప్పించుకోలేడు కనుక, రెండూ అంతకు మించి ఇంద్రియాలున్న జీవుల ప్రాణం తెలిసి తీయకూడదన్నది అతని వ్రతం. ఈ మెట్ల ప్రకారం శలభానికీ పోసమ్‌కూ మధ్య తేడా ఒక్కటే, చెవి.

అయితే నాక్టుయిడే కుటుంబపు శలభాలకు చెవులున్నాయి. ఛాతీకి రెండు పక్కలా ఒక్కొక్క పల్చటి పొర, ఒక్కొక్క చెవిలో వినికిడి కణాలు రెండంటే రెండు. గబ్బిలం వేటలో చేసే ధ్వని మనిషి చెవికి అందదు, ఈ శలభం చెవికి అందుతుంది. ధ్వని దూరంగా ఉంటే పక్కకు మళ్ళుతుంది, దగ్గరపడితే మెలికలు తిరుగుతూ నేల వైపు దూకుతుంది. అంటే జైన ఆచార్యుల కొలతతోనే కొలిస్తే బోగాంగ్ పోసమ్ పక్కనే కూర్చోవాలి. దీనితో వారి పద్ధతి కూలిపోదు, ఇంకా బలపడుతుంది. ఎందుకంటే వారు అడిగిన ప్రశ్న, ఈ జీవికి లోకం ఎన్ని దారుల్లో తెలుస్తోంది అన్నది, ఇరవై శతాబ్దాల తరువాత కూడా సరైన ప్రశ్నే. 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో పలువురు శాస్త్రవేత్తలు, తత్త్వవేత్తలు కలిసి చేసిన ప్రకటన కీటకాలకు కూడా అనుభూతి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమని చెప్పింది. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదాన్నీ జంతువుగానే నిర్వచించింది.

తెలుగు నేలకు శలభంతో ఉన్న పెద్ద అనుబంధం పట్టు. హిందూపురం మార్కెట్‌కు వచ్చే పట్టుగూళ్ళలో పురుగు ప్రాణంతో ఉండగానే వేడికి చంపి దారం తీస్తారు. ఆ చావు లేకుండా పట్టు తీయలేమా అన్న ప్రశ్నను వెంటాడి, శలభం గూడు చీల్చుకొని వెళ్ళిపోయాక మిగిలిన దానితో నూలు వడికించి ‘అహింసా పట్టు’కు దారి వేసినవారు హైదరాబాద్‌కు చెందిన చేనేత అధికారి కుసుమ రాజయ్య. ఆయన ఆందోళనకు రెడ్ లిస్ట్‌లో చోటు లేదు. పట్టుపురుగు జాతికి గండమేమీ లేదు, మనిషి పెంచినంత కాలం అది ఉంటుంది. జాబితా లెక్కించేది జాతిని. అహింస లెక్కించేది ఎదుట ఉన్న ఒక్క ప్రాణిని. జాతి క్షేమంగా ఉండగా ప్రాణులు కోట్లలో నలిగిపోవచ్చు. ఒక్క ప్రాణినీ ఎవరూ చేత్తో చంపకుండానే జాతి తుడిచిపెట్టుకుపోవచ్చు. ఆల్ప్స్ కొండల్లో జరుగుతున్నది ఈ రెండోది.

2017 తరువాతి వసంతాల్లో కొండ మీద ఏం జరిగిందో వివరంగా చూడాలి. ఆడ పోసమ్‌కు పాలిచ్చే చన్నులు నాలుగు, పెంచగలిగే పిల్లలు నలుగురు. పొడి బరువులో సగానికి మించి కొవ్వు ఉన్న శలభాలు తల్లి ఆకలి తీర్చి పాలు పడేలా చేస్తాయి. శలభాలు రాలేదు. చాలా చోట్ల తల్లులు తమ సంచిలోని పిల్లలన్నిటినీ పోగొట్టుకున్నాయని ఆ కాలంలో కొండలను పరిశీలించినవారు గుర్తించారు. ఆ పిల్లలను చంపిన చెయ్యి ఏది? కొండకు వందల కిలోమీటర్ల దూరాన, ముర్రే-డార్లింగ్ నదుల ప్రాంతంలో, వాన లేక పచ్చిక మొలవలేదు. గొంగళులు పెరగలేదు. ఆ కరువుకు తోడు మారుతున్న వాతావరణం, దున్నేసిన పచ్చిక బీళ్ళు, పురుగుమందులు, నగరాల దీపాలు కూడా కారణమై ఉంటాయని శాస్త్రవేత్తలు అనుమానిస్తున్నారు. ఏ రైతూ, ఏ నగరవాసీ బోగాంగ్‌కు కీడు తలపెట్టలేదు.

తలపెట్టని కీడు హింస అవుతుందా? ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను నిర్వచించిన తీరు ఇక్కడ చాలా పనికివస్తుంది. కోపంతోనో పగతోనో చేసేదే హింస అని అది సరిపెట్టుకోలేదు. ఏమరుపాటుతో ప్రాణం తీయడం హింస అంది. జాగ్రత్తగా చూసుకుంటూ నడిచే మునికి తెలియక కాలి కింద పురుగు పడితే దోషం అంటదని, చూసుకోకుండా నడిచేవాడికి పురుగు చావకపోయినా దోషం తప్పదని జైన ఆచార్యులు వివరించారు. దీని ప్రకారం 2017కు ముందు చాలామందిని నిర్దోషులనుకోవచ్చు. గొంగళికీ పోసమ్ పాలకూ ఉన్న లంకె తెలిశాక, అదే పని చేస్తూ పోవడం మరొక రకం పని. తెలుసుకోవడం వల్ల బాధ్యత పుట్టింది. విజ్ఞానశాస్త్రం నీతిశాస్త్రానికి చేయగల అతి పెద్ద సాయం బహుశా ఇదే.

ఇక మొదట అడిగిన ప్రశ్న. దానికి తెలుగువారందరికీ తెలిసిన కథ ఒకటుంది. డేగ తరిమితే పావురం వచ్చి శిబి చక్రవర్తి ఒడిలో పడింది. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ కథ పావురం మీద దయగా మారిపోతుంది. మహాభారతం చెప్పిన కథలో బలమంతా డేగ వాదనలో ఉంది: ఒక ప్రాణిని కాపాడి నన్నూ నా పిల్లలనూ ఆకలితో చంపితే అది ఏ ధర్మం? రాజు డేగను తప్పుపట్టలేదు, వేట మానమని బోధించలేదు. మొదట వేరే జంతువుల మాంసం ఇస్తానన్నాడు. డేగ ఒప్పుకోలేదు. అప్పుడు త్రాసు తెప్పించి తన ఒంటి మాంసం కోసి పెట్టాడు, చాలకపోతే తానే ఎక్కి కూర్చున్నాడు. తినేదానిలోనూ తప్పు లేదు, ప్రాణం కోసం పారిపోయేదానిలోనూ తప్పు లేదు. వాటి మధ్య నిలబడ్డ మూడోవాడే మూల్యం చెల్లించాలి. పోసమ్, బోగాంగ్‌ల విషయంలో కూడా ఇంతకంటే న్యాయమైన తీర్పు కనబడదు. పోసమ్‌లు ఎంత తిన్నా శలభాల జాతికి లోటు రాలేదు. వేల ఏళ్ళుగా ఆ లెక్క సరిపోయింది.

మనుషులు తిన్నప్పుడు కూడా సరిపోయింది. న్గారిగో, గునైకుర్నై, తౌంగురుంగ్ మొదలైన ఆదివాసీ జనాలు వేసవిలో ఈ కొండలకు చేరి, శలభాలను వేడి బూడిదలో కాల్చి, దంచి రొట్టెలుగా చేసుకొని తినేవారు. ఆ కూడికల్లోనే పూజలు, పెళ్ళిళ్ళు, తగవుల పరిష్కారాలు జరిగేవి. విక్టోరియాలోని క్లాగ్స్ గుహలో దొరికిన ఒక చిన్న నూరుడు రాయి మీద శలభాల ఆనవాళ్ళు బయటపడ్డాయి. ఆ రాయి వయసు దాదాపు 2000 ఏళ్ళు. తిండిగా తిన్నదాన్నే పవిత్రంగా చూసిన ఆ సంప్రదాయం 19వ శతాబ్దంలో యూరోపియన్ల ఆక్రమణతో తెగిపోయింది. చంపకపోవడమే గౌరవమన్న జైన మార్గం, తింటూనే గౌరవించే వీరి మార్గం, పైకి ఎదురెదురుగా కనిపిస్తాయి. శలభం రాకపోకలను గమనిస్తూ బతకడంలో రెండూ ఒకటే. తెలంగాణలోని కొలనుపాక జైన క్షేత్రానికి వచ్చే భక్తుల్లో నిష్ఠగా ఉండేవారు సూర్యాస్తమయం తరువాత భోజనం చేయరు. దీపానికి వచ్చిన పురుగులు చస్తాయన్నది అందుకు చెప్పే కారణాల్లో ఒకటి. విక్టోరియా జంతుప్రదర్శనశాలల సంస్థ శలభాలు వలస వచ్చే రోజుల్లో ఇళ్ళ బయటి దీపాలు ఆర్పమని ప్రజలను కోరుతోంది. ఆ రెండు మాటలూ ఒకదానికొకటి తెలియకుండానే ఒకే చోటికి చేరాయి.

పోసమ్‌కు శలభం బదులు ఇవ్వడానికి అవే పోషకాలతో బిస్కట్లు తయారు చేశారు. 2020 జనవరి కార్చిచ్చు తరువాత కొజియస్కో కొండల్లో వాటిని బండరాళ్ళ మధ్య ఉంచారు. న్యూ సౌత్ వేల్స్‌లోని లిథ్‌గో దగ్గర సీక్రెట్ క్రీక్ అభయారణ్యంలో మరో ప్రయత్నం నడుస్తోంది. పోసమ్ పూర్వీకులు కోట్ల ఏళ్ళ కిందట పల్లపు తేమ అడవుల్లో బతికినట్టు శిలాజాలు చెబుతున్నాయి కనుక, మంచూ బోగాంగ్‌లూ లేని చోట కూడా వాటి సంతతి నిలవగలదని మైక్ ఆర్చర్ అనే శిలాజ శాస్త్రవేత్త వాదన. అది నిజమైతే ఒక జాతి బతికి బయటపడుతుంది, అందుకు సంతోషించాలి. శలభానికి మాత్రం ఆ ఏర్పాటులో దక్కేది ఏమీ లేదు. బిస్కట్లూ లిథ్‌గో ఆవరణా శిబి మొదట చూపిన వేరే మాంసం లాంటివి. వసంతకాలపు రాత్రుల్లో నగరాల వెలుగు, మైదానాల్లో పచ్చిక బీళ్ళ మీద నాగలి, బొగ్గు మండించి తెచ్చుకునే విద్యుత్తు, వీటిలో ఏది ఎంత వదులుకుంటారన్నది ఇంకా త్రాసు మీదకు రాలేదు.